దివ్యాంగులతో సురక్షితంగా మెలగడంలో పోలీసు సిబ్బందికి శిక్షణ ఎలా ఇవ్వాలి: గోదావరి డెల్టా స్టేషన్ల కోసం

అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరం ప్రాంతాల స్టేషన్ అధికారులూ, దివ్యాంగుల సంఘాల బాధ్యులూ, సచివాలయాల్లోని మహిళా పోలీసులూ పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటే: సిబ్బందికి ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని రోజులు పడుతుంది, నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది? ఈ వ్యాసం ఒక ఉపన్యాసంతో, ఒక గ్రూపు ఫోటోతో ముగిసే అవగాహన సదస్సు గురించి కాదు. రాత్రి పదకొండు గంటలకు కాలువ గట్టు మీద ఒక మనిషి పిలిచినా ఆగకుండా నడిచిపోతుంటే, గస్తీలో ఉన్న కానిస్టేబులు ఆ క్షణంలో ఏం చేయాలో అతనికి అలవాటుగా మారేలా నేర్పడం గురించి.

శిక్షణ అంతటికీ ఆధారమైన విషయాన్ని ముందే చెప్పాలి. పోలీసు మాటకు స్పందన రాకపోతే దానిని వెంటనే ధిక్కారంగా లెక్కవేయకూడదు. ఆ మనిషికి వినబడకపోయి ఉండవచ్చు, విన్నది అర్థం కాకపోయి ఉండవచ్చు, అర్థమైనా శరీరం సహకరించకపోవచ్చు, లేదా భయంతో బిగుసుకుపోయి ఉండవచ్చు. హాని ఎక్కువగా జరిగేది మొదటి కొన్ని నిమిషాల తొందరలోనే కనుక, ఆ నిమిషాలలో ఆగడం, చూడడం, మరో విధంగా చెప్పి చూడడం అలవాటైతే సగానికి పైగా పని పూర్తయినట్లే. మీ కార్యక్రమంలోని ప్రతి గంటా ఈ అలవాటుకు తోడ్పడుతున్నదా అని చూసుకుని, తోడ్పడనిదాన్ని తొలగించండి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

అనుమతి: దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 లోని 47వ సెక్షన్ పోలీసు అధికారుల శిక్షణ కోర్సులన్నింటిలోనూ దివ్యాంగుల హక్కులు భాగంగా ఉండాలని చెబుతున్నది. ఎస్పీ కార్యాలయానికి రాసే లేఖలో ఈ సెక్షన్‌ను పేర్కొనండి. అప్పుడు మీ విన్నపం ఉపకారం కోరినట్లుగా కాకుండా చట్టం చెప్పిన పనిని గుర్తు చేసినట్లుగా ఉంటుంది.

సమయం: రెండు పూర్తి రోజులు. స్టేషన్‌ను ఖాళీ చేయడం సాధ్యం కాదు కనుక సిబ్బందిని రెండు జట్లుగా విభజించి, ఒక్కో జట్టుకు వేర్వేరు వారాలలో నిర్వహించండి. ఒక జట్టులో ఇరవై ఐదు మందికి మించితే అభ్యాసాలలో సగం మంది ప్రేక్షకులుగా మిగిలిపోతారు. సంక్రాంతి బందోబస్తు రోజులనూ, వరదల కాలాన్నీ తప్పించండి.

సహ శిక్షకులు: కనీసం నలుగురు దివ్యాంగులు ఉండాలి. వారిలో ఒకరు వినికిడి లేనివారు, ఒకరు చూపు లేనివారు, ఒకరు చక్రాల కుర్చీ వాడేవారు అయి ఉండాలి. నాలుగవ వ్యక్తి మానసిక అనారోగ్యం నుంచి కోలుకున్నవారు గానీ, ఆటిజం లేదా మేధో వైకల్యం ఉన్న వ్యక్తి, వారి తల్లి లేదా తండ్రితో కలిసి గానీ కావచ్చు. మన ప్రాంతంలో కొబ్బరి చెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న దింపు కార్మికులు ఉన్నారు. వారిలో ఒకరు ముందుకు వస్తే అంతకంటే మంచి శిక్షకులు దొరకరు. వీరందరికీ గౌరవ వేతనం, రాకపోకల ఖర్చు ముందే నిర్ణయించి చెల్లించండి. వచ్చి తమ బాధ చెప్పుకుని పొమ్మనడం శిక్షణ కాదు.

సైగల భాష తెలిసినవారు, ప్రత్యేక ఉపాధ్యాయులు: మండలాల్లోని భవిత కేంద్రాలలో ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించే ఉపాధ్యాయులు ఉంటారు. శిక్షణకే కాదు, తరువాత కేసుల్లో కూడా మీకు మొదటి ఆసరా వారే. ముందే వెళ్లి పరిచయం చేసుకోండి.

స్థలం: కింది అంతస్తులో ఉన్న గది, మెట్లు లేని దారి, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి. ఇవి లేని హాలులో ఈ శిక్షణ పెడితే మీరు చెప్పే మాటలన్నింటినీ ఆ మెట్లే కాదంటాయి.

దశల వారీగా

1. మీ స్టేషన్ అనుభవాన్నే పాఠంగా తీసుకోండి. శిక్షణకు రెండు వారాల ముందు, స్టేషన్ రికార్డులు రాసే స్టేషన్ రైటర్‌తో కూర్చుని గడచిన ఏడాది జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ సంఘటనలు రాసే పుస్తకం) తిరగేయండి. తప్పిపోయిన వ్యక్తుల ఫిర్యాదులు, "మతిస్థిమితం లేని వ్యక్తి" అని రాసిన నమోదులు, మద్యం సేవించాడని తీసుకువచ్చి తరువాత వదిలేసిన సందర్భాలు, 112 కాల్స్‌లో "చెప్పేది అర్థం కాలేదు" అని మూసివేసినవి, వీటిని పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసుకోండి. అభ్యాసాలలోని సన్నివేశాలు ఈ కాగితం నుంచే రావాలి. పరాయి రాష్ట్రపు ఉదాహరణ విన్నప్పుడు సిబ్బంది తల ఊపి ఊరుకుంటారు. తమ రేవులో, తమ బస్టాండులో జరిగినది విన్నప్పుడు ఆలోచిస్తారు.

2. మొదటి గంటలో పరిచయం మాత్రమే పెట్టండి. సహ శిక్షకులు తమ వైకల్యం గురించి కాకుండా, పోలీసులు ఎదురైనప్పుడు తమకు ఏది ఇబ్బంది అవుతుందో, ఏది సాయపడుతుందో చెప్పాలి. వినికిడి లేని వ్యక్తి మాట్లాడుతున్నప్పుడు అనువాదకుని వైపు కాకుండా ఆ వ్యక్తి వైపే చూడాలని సిబ్బందికి ముందే చెప్పండి. చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందని ఒక మాట చెబితే చాలు, జాబితా చదవవద్దు. అయితే వాటిలో కంటికి కనబడనివి చాలా ఉన్నాయని మాత్రం నొక్కి చెప్పండి. ఉదాహరణకు హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని వ్యాధి) ఉన్న యువకుడు చూడడానికి అందరిలాగే ఉంటాడు, కానీ మోకాలి మీద పడిన లాఠీ దెబ్బ అతని కీలు లోపల రక్తస్రావానికి దారి తీస్తుంది. తల మీద పడితే ప్రాణమే పోవచ్చు.

3. "ఆగు, చూడు, మార్చు" అభ్యాసం చేయించండి. ఇది శిక్షణకు వెన్నెముక కనుక మొదటి రోజు మిగిలిన సమయమంతా దీనికే కేటాయించండి. నియమం ఇలా ఉంటుంది: ఆయుధం గానీ, వెంటనే ప్రాణానికి ముప్పు గానీ కనబడనప్పుడు కానిస్టేబులు ఒక ఆదేశం ఇచ్చి, మనసులో పది లెక్కపెట్టే వరకు ఆగాలి. స్పందన రాకపోతే అదే మాటను గట్టిగా అరవకుండా విధానం మార్చాలి. ఎదురుగా వచ్చి చేయి ఊపాలి, సైగ చేయాలి, రాసి చూపాలి, మాటలు తగ్గించాలి. బలప్రయోగం గురించి ఆలోచించవలసింది ఆ తరువాతే. కింది సన్నివేశాలను ఒక్కొక్కటి కనీసం రెండు సార్లు, వేర్వేరు వ్యక్తులతో చేయించండి.

మొదటి సన్నివేశం రాత్రి తనిఖీ. ద్విచక్ర వాహనం మీద వచ్చిన వినికిడి లేని వ్యక్తిని ఆపగానే, తన గుర్తింపు కార్డు చూపడానికి అతను గబుక్కున జేబులో చేయి పెడతాడు. టార్చి అతని ముఖం మీద వేస్తే పెదవుల కదలిక, సైగ రెండూ అతనికి కనబడవు. వెలుగు పోలీసు చేతుల మీద, ముఖం మీద పడేలా పట్టుకోవాలి. చేతులు కనబడేలా ఉంచమని తానే చేసి చూపించాలి. అతని చేతులను వెనక్కి విరిచి పట్టుకోవడమంటే మాట్లాడేవాని నోరు మూసినట్లే. రాసి చూపితే చాలునని కొందరు అనుకుంటారు, కానీ చిన్ననాటి నుంచి వినబడనివారిలో చాలామందికి తెలుగు చదవడం అంత సులువు కాదు. పొట్టి మాటలు రాయాలి, బొమ్మ గీయాలి, ఫోనులో ఫోటో చూపాలి. ఆ వ్యక్తి తల ఊపినంత మాత్రాన అర్థమైనట్లు కాదని కూడా ఇక్కడే నేర్పండి.

రెండవది తూలుతూ నడిచే వ్యక్తి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలపై అదుపు తగ్గే స్థితి) ఉన్నవారి నడక, మాట, మద్యం తాగినవారి తీరును పోలి ఉండవచ్చు. వాసన, శ్వాస పరీక్ష, సంభాషణ ఈ మూడూ చూడకుండా "తాగి ఉన్నాడు" అని రాయకూడదు. అతని మాటను పూర్తిచేసే ప్రయత్నం చేయకూడదు. అర్థం కాకపోతే అర్థమైనట్లు నటించకుండా మళ్లీ చెప్పమని అడగాలి.

మూడవది మూర్ఛ. ఇక్కడ నేర్పవలసింది తక్కువ, మాన్పించవలసింది ఎక్కువ. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా లేదా గుడ్డ కుక్కడం, కాళ్లూ చేతులూ అదిమి పట్టడం, నీళ్లు తాగించడం, ఇవేవీ చేయకూడదు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసివేసి, తల కింద మెత్తనిది ఉంచి, వీలైన వెంటనే పక్కకు తిప్పి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, వెంటనే మళ్లీ మూర్ఛ వచ్చినా, నీటిలో పడి ఉన్నా 108 కు ఫోన్ చేయాలి. తేరుకునే సమయంలో ఆ వ్యక్తి అయోమయంలో చేతులు విసరవచ్చు. దానిని దాడిగా నమోదు చేయకూడదు.

నాలుగవది మానసిక సంక్షోభం, అన్నింటికంటే ఎక్కువ సమయం తీసుకోవలసినది. బస్టాండులో ఒక వ్యక్తి తనలో తాను గట్టిగా మాట్లాడుకుంటూ ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు, చుట్టూ జనం మూగి ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. మొదటి పని జనాన్ని పంపడం, రెండవది సైరన్ ఆపడం. ఒక్కరే మాట్లాడాలి. మిగిలినవారు వెనక్కి తగ్గి నిలబడాలి. తన పేరు చెప్పి, "మీకు ఏం కావాలి, భోజనం చేశారా" వంటి చిన్న ప్రశ్నలతో మొదలుపెట్టాలి. అతనికి వినబడుతున్నట్లు చెప్పే గొంతుల గురించి వాదించకూడదు, ఒప్పుకున్నట్లు నటించనూ కూడదు. బయటకు వెళ్లే దారిని మూసివేయకూడదు. తాడుతో కట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పట్టుకోక తప్పని స్థితి వస్తే బోర్లా పడవేసి వీపు మీద మోకాలు ఆనించకూడదు. అలా చేస్తే ఊపిరి అందక మనిషి చనిపోవచ్చు. ఈ హెచ్చరికను ప్రతి జట్టుకూ విడిగా, నేల మీద చాప వేసి, తప్పు పద్ధతి ఎలా ఉంటుందో మాటలతో వివరించి, సరైన పద్ధతిని చేసి చూపిస్తూ చెప్పండి.

అయిదవది చక్రాల కుర్చీ, చేతికర్ర. కుర్చీని అడగకుండా నెట్టకూడదు, కర్రను లాక్కోకూడదు. సహాయక పరికరాన్ని కావాలని పాడుచేయడం, వాడకుండా అడ్డుకోవడం 2016 చట్టంలోని 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడదగిన నేరం. సోదా తప్పనిసరైతే కుర్చీని ఎలా విప్పాలో, ఎక్కడ పట్టుకోవాలో ఆ వ్యక్తినే అడగాలి. వెన్నుపూస దెబ్బతిన్నవారిలో చాలామందికి నడుము కింద నొప్పి తెలియదు. గంటల తరబడి గట్టి బల్ల మీద కూర్చోబెడితే వారికి తెలియకుండానే పుండ్లు పడతాయి, ఆ పుండ్లు నెలల పాటు మానవు. మూత్రపు సంచి ఖాళీ చేసుకునే అవకాశాన్ని అడిగించుకోకుండా ఇవ్వాలి.

చూపు లేనివారితో మెలగడాన్ని సహ శిక్షకుడే పావుగంటలో నేర్పగలరు: పేరు, హోదా చెప్పడం, మోచేయి అందించడం, గదిలో నుంచి వెళ్తున్నప్పుడు చెప్పి వెళ్లడం.

4. ప్రశ్నించే పద్ధతిని రెండవ రోజు ఉదయం నేర్పండి. మేధో వైకల్యం ఉన్న వ్యక్తి అధికారిని సంతోషపెట్టడానికి, లేదా త్వరగా ఇంటికి వెళ్లడానికి ప్రతి ప్రశ్నకూ "అవును" అనవచ్చు. చేయని నేరాన్ని కూడా ఒప్పుకోవచ్చు. అందుకే "నువ్వే తీశావు కదా?" వంటి ప్రశ్నలు నిషిద్ధం. ఒక ప్రశ్నలో ఒకే విషయం ఉండాలి. "అవును" అన్న జవాబును సరిచూడడానికి కాసేపటి తరువాత అదే విషయాన్ని తిప్పి అడగాలి. రెండింటికీ "అవును" వస్తే ఆ జవాబును నమ్మి కేసు నడపకూడదు. తేదీలు అడిగితే చెప్పలేనివారు కూడా "ప్రభల తీర్థానికి ముందా, తరువాతా", "కోతలు అయ్యాయా అప్పటికి" అంటే స్పష్టంగా చెప్పగలరు. ఈ అభ్యాసానికి స్టేషన్ రైటరు తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే వాంగ్మూలంలో చివరికి నిలిచేది రైటరు రాసిన మాటలే. సాక్షి చెప్పిన మాటలను "శుద్ధమైన" తెలుగులోకి మార్చకుండా అలాగే రాయడం, సైగలతో చెప్పినదాన్ని ఏ సైగకు ఏ అర్థం తీసుకున్నారో వివరిస్తూ రాయడం అతనికి నేర్పండి.

5. చట్టాన్ని ఒక గంటలో, చేయవలసిన పనులుగా చెప్పండి. సెక్షన్ల ఉపన్యాసం ఎవరికీ గుర్తుండదు. ఈ అంశాలను కార్డు మీద అచ్చు వేయించి ఇవ్వండి:

— దివ్యాంగులైన సాక్షులను విచారణకు స్టేషన్‌కు రమ్మనకూడదు, వారు ఉన్న చోటికే వెళ్లాలి. తామే ఇష్టపడి వస్తామంటే రావచ్చు (నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023, సెక్షన్ 179).

— లైంగిక నేరాల బాధితురాలు దివ్యాంగురాలైతే ఆమె ఇంటి వద్ద గానీ ఆమె కోరిన చోట గానీ, అనువాదకుల లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సమక్షంలో, వీడియో తీస్తూ సమాచారాన్ని నమోదు చేయాలి (అదే సంహిత, సెక్షన్ 173).

— దివ్యాంగులపై వేధింపు, హింస, దోపిడీ జరిగినట్లు తెలిస్తే, రక్షణ కోసం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చని, ఉచిత న్యాయ సహాయం పొందవచ్చని, దగ్గరలోని పునరావాస సంస్థ ఏదో బాధితులకు పోలీసు అధికారే తెలియజేయాలి (2016 చట్టం, సెక్షన్ 7). న్యాయ సహాయానికి 15100.

— మానసిక అనారోగ్యంతో తిరుగుతూ తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్న వ్యక్తిని రక్షణలోకి తీసుకుంటే, వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేనివారైతే మిస్సింగ్ కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెదకాలి (మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, సెక్షన్ 100). సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416.

చూపు లేని యువతి నిందితుణ్ణి గొంతు బట్టి గుర్తుపట్టిన ఒక కేసులో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అప్పీలు మీద సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 27న ఇచ్చిన తీర్పును తప్పకుండా ప్రస్తావించండి. వైకల్యం ఉన్నందువల్ల ఆమె సాక్ష్యం ఎవరి సాక్ష్యానికీ తక్కువ కాదని కోర్టు స్పష్టం చేసి, ఇటువంటి కేసుల్లో పోలీసులకు శిక్షణ అవసరమని కూడా చెప్పింది. "చూడలేదు కదా, ఏం చెబుతుంది" అనే మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది కనుక ఈ ఒక్క తీర్పు మీద పది నిమిషాలు చర్చ జరగనివ్వండి.

ఒక హెచ్చరిక: ఇంటివారిని అనువాదకులుగా వాడుకోవడం సులువు, కానీ హింస ఇంట్లోనే జరిగి ఉండవచ్చు. బంధువులను గది బయట కూర్చోబెట్టి, భవిత కేంద్రం ఉపాధ్యాయులను గానీ వీడియో కాల్‌లో సైగల భాష అనువాదకులను గానీ పిలవండి. వెంటనే ఎవరూ దొరకకపోతే ప్రాణరక్షణకు, వైద్యానికి కావలసిన సమాచారం మాత్రం తీసుకుని వాంగ్మూలాన్ని అనువాదకులు వచ్చే వరకు ఆపండి.

6. స్టేషన్‌ను నడిచి చూడండి. మధ్యాహ్నం సహ శిక్షకులను వెంటబెట్టుకుని గేటు నుంచి ఎస్.హెచ్.ఓ. (స్టేషన్ బాధ్యత చూసే అధికారి) గది వరకు రావాలి. చక్రాల కుర్చీ ఎక్కడ ఆగిపోయిందో, రిసెప్షన్ బల్ల ఎంత ఎత్తున ఉందో, మరుగుదొడ్డి తలుపు ఎంత వెడల్పు ఉందో రాసుకోవాలి. ర్యాంపు కట్టడానికి నిధులు రావలసి ఉంటే అంతవరకు రిసెప్షన్‌లో గంట ఏర్పాటు చేసి, సిబ్బందే బయటకు వచ్చి ఫిర్యాదు తీసుకునే నియమం పెట్టండి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫోటో తీసి పంపితే చూపు లేనివారి ఫోను దానిని చాలాసార్లు సరిగా చదివి వినిపించలేకపోతుంది. టైపు చేసిన ఫైలునే పంపాలి, సంతకానికి ముందు పూర్తిగా చదివి వినిపించాలి.

7. నీటి దగ్గర అభ్యాసాన్ని వదలవద్దు. మన డెల్టాలో ఈ శిక్షణ మరెక్కడి శిక్షణ కంటేనైనా భిన్నంగా ఉండవలసింది ఇక్కడే. ఆటిజం ఉన్న పిల్లలలో చాలామందికి నీరంటే విపరీతమైన ఆకర్షణ, ప్రమాదం తెలియదు. అలాంటి బిడ్డ తప్పిపోయినట్లు కబురు రాగానే బస్టాండుకూ రైల్వే స్టేషన్‌కూ సమాచారం పంపుతూనే, మొదటి మనుషులను దగ్గరలోని పంట కాలువకూ, లాకులకూ, చేపల, రొయ్యల చెరువులకూ, రేవుకూ పంపాలి. ఇల్లు మొత్తం వెదికిన తరువాత చూద్దామనే ఆలోచన ఇక్కడ ప్రాణాంతకం. తల్లిదండ్రులను అడగవలసిన ప్రశ్నలు నాలుగు: ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడు, ఏది ఇష్టం, ఏ శబ్దానికి భయపడతాడు, ఇంతకు ముందు ఎక్కడ దొరికాడు. బిడ్డ కనబడితే వెనుక నుంచి పరుగెత్తకూడదు, ఎందుకంటే భయంతో నీళ్లలోకే దిగవచ్చు. ఒకరు నీటి వైపు నుంచి అడ్డుగా వచ్చి నిలబడాలి, మరొకరు దూరం నుంచి నెమ్మదిగా, ఇష్టమైన వస్తువు చూపుతూ దగ్గరవ్వాలి. ముట్టుకునే ముందు చెప్పాలి. ఈ సన్నివేశాన్ని నిజమైన కాలువ గట్టు మీదే, ఒక కానిస్టేబులును బిడ్డ స్థానంలో ఉంచి చేయించండి. అసలు పిల్లలను ఇందులో పాత్రధారులను చేయవద్దు.

లంక గ్రామాలలో వరద సమయపు తరలింపు కూడా ఇందులో భాగమే. గోదావరికి వరద వచ్చే ముందే ఏ ఇంట్లో నడవలేనివారు, వినబడనివారు ఉన్నారో సచివాలయ సిబ్బంది దగ్గర పట్టిక సిద్ధంగా ఉండాలి. మైకు ప్రకటన వినికిడి లేని కుటుంబానికి చేరదు, ఆ ఇంటికి మనిషి వెళ్లాలి. పడవ ఎక్కించేటప్పుడు చక్రాల కుర్చీని, మందులను, కృత్రిమ కాలును ఆ వ్యక్తితో పాటే పంపాలి. "తరువాత పడవలో పంపుతాం" అంటే పునరావాస కేంద్రంలో ఆ మనిషి కదలలేని స్థితిలో రోజులు గడపవలసి వస్తుంది.

2027 లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015 జూలై 14న రాజమహేంద్రవరం ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటను చూసిన జిల్లాలు ఇవి. ఘాట్ల దగ్గర, అంతర్వేది తీర్థం వంటి రద్దీలో, దివ్యాంగులను పక్కకు తీసి కూర్చోబెట్టడానికి శబ్దం తక్కువగా ఉండే ఒక చోటును బందోబస్తు పథకంలోనే గుర్తించాలని సిబ్బందికి ఇప్పటి నుంచే నేర్పండి.

తరచుగా జరిగే పొరపాట్లు

కళ్లకు గంతలు కట్టి నడిపించడం, చెవుల్లో దూది పెట్టడం వంటి ఆటలు చాలా శిక్షణలలో కనబడతాయి. వాటిని పెట్టవద్దు. అయిదు నిమిషాల చీకటి భయాన్నీ జాలినీ మాత్రమే మిగులుస్తుంది, ఏళ్ల తరబడి చూపు లేకుండా నైపుణ్యంతో బ్రతుకుతున్న మనిషి సామర్థ్యాన్ని చూపించదు. జాలి పుట్టిన అధికారి వ్యక్తితో మాట్లాడడం మాని పక్కనున్న బంధువుతో మాట్లాడతాడు.

దివ్యాంగులు అనాలా, విభిన్న ప్రతిభావంతులు అనాలా అనే చర్చకు సమయం పోనివ్వవద్దు. పేరుతో, "గారు" అని, "మీరు" అని పిలిస్తే చాలు. కుంటి, గుడ్డి, పిచ్చి వంటి మాటలు ఎవరి నోటా రాకూడదు, వైర్‌లెస్ సెట్‌లో కూడా.

అధికారులను, కానిస్టేబుళ్లను, హోంగార్డులను వేర్వేరుగా కూర్చోబెట్టడం మరో పొరపాటు. సంఘటనా స్థలానికి ముందు చేరేది హోంగార్డే. అతను నేర్చుకున్నట్లు ఆగి చూస్తుంటే, వెనుక వచ్చిన ఎస్ఐ "ఏం చూస్తున్నావు, పట్టుకో" అంటే నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటతో పోతుంది. ముగ్గురూ ఒకే అభ్యాసంలో ఉండాలి. ఆగినందుకు కింది సిబ్బందిని మందలించబోమని ఎస్.హెచ్.ఓ. అందరి ముందూ చెప్పాలి.

వైకల్యం ఉన్న ప్రతివారూ అమాయకులే అన్నట్లు బోధించడం కూడా తప్పే. దివ్యాంగులు నిందితులు కూడా కావచ్చు. అరెస్టు చేయవలసి వస్తే చేయాలి, కానీ కారణాలను వారికి అర్థమయ్యే పద్ధతిలో చెప్పాలి, మందులు, పరికరాలు వారి దగ్గరే ఉంచాలి.

ఫలితాన్ని ఎలా సరిచూడాలి

శిక్షణ చివర నింపించే అభిప్రాయ పత్రాలలో అందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. రెండవ రోజు సాయంత్రం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ముందు చెప్పని సన్నివేశంలో సహ శిక్షకుని ఎదుట నిలబెట్టండి. పది లెక్కపెట్టే వరకు ఆగాడా, విధానం మార్చాడా, నేరుగా ఆ వ్యక్తితోనే మాట్లాడాడా, చేతులు వేసే ముందు చెప్పాడా అనే నాలుగు అంశాలు చూడండి. ఉత్తీర్ణుడో కాదో సహ శిక్షకుడే నిర్ణయించాలి. కానివారికి అదే వారంలో మళ్లీ అవకాశం ఇవ్వండి.

నెల తరువాత, ఎస్పీ అనుమతితో, ఏ రోజన్నది ముందు చెప్పకుండా వినికిడి లేని ఒక వ్యక్తి స్టేషన్‌కు వెళ్లి ఫోను పోయిందని ఫిర్యాదు ఇవ్వడానికి ప్రయత్నించాలి. ఎంతసేపు నిలబెట్టారు, రాయడానికి కాగితం ఇచ్చారా, అనువాదకులకు ఫోన్ చేశారా, రసీదు ఇచ్చారా అన్నవి చూసి, ఆ తరువాత అది పరీక్ష అని చెప్పి నమోదును సరిచేయించాలి. తప్పు దొరికితే శిక్షించడానికి కాదు, శిక్షణలో ఏది అందలేదో తెలుసుకోవడానికే ఈ పని అని సిబ్బందికి ముందే చెప్పి ఉంచండి.

మూడు నెలలకు ఒకసారి జనరల్ డైరీ మళ్లీ తిరగేయండి. మానసిక సంక్షోభం అని వచ్చిన కాల్‌లో ఆసుపత్రికి చేర్చిన సమయం రాశారా? అనువాదకుల పేరు వాంగ్మూలంలో ఉందా? "మతిస్థిమితం లేదు" అని వైద్యుని పత్రం లేకుండా ఎక్కడైనా రాశారా? కేసుల సంఖ్య పెరిగితే కంగారు పడవద్దు. ఇంతకు ముందు గేటు దాకా కూడా రాలేనివారు ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నారని అర్థం కావచ్చు.

బదిలీలకు ముందే సిద్ధపడండి. శిక్షణ పొందిన ఎస్ఐ మరో మండలానికి వెళ్లిపోతే ఏడాది కష్టం ఆయనతోనే వెళ్లిపోతుంది. అందుకే అనువాదకులు, భవిత కేంద్రం ఉపాధ్యాయులు, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి, సహ శిక్షకులు, వీరందరి నంబర్ల పట్టికను రిసెప్షన్ గోడకు అంటించండి, చార్జి అప్పగింత కాగితాలలో కూడా చేర్చండి. కొత్త ఎస్.హెచ్.ఓ. బాధ్యతలు తీసుకున్న వారంలోనే సహ శిక్షకులలో ఒకరిని పిలిచి పరిచయం చేయించి, పట్టికలోని ప్రతి నంబరుకూ ఆయన ఎదుటే ఫోన్ చేసి పనిచేస్తున్నదో లేదో చూడండి.